ఎక్స్ వై దగ్గర ఆగిపోయిన పాఠం

బీఎడ్ కాలేజీలో జీవశాస్త్రం ఎలా బోధించాలో నేర్పే ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చేరిన రోజు మీకు సిలబస్ పుస్తకం ఇస్తారు, హాజరు పట్టీ ఇస్తారు. ఆ రెండింటిలోనూ లేని సంగతి ఒకటుంది. మీ ముందు కూర్చునే ఒక్కొక్కరూ రేపు ఒక్కో ఊరి బడికి పోతారు. మీరు ఒక తప్పు చెబితే అది అన్ని ఊళ్ళకూ పోతుంది. నేను అలా ఒక తప్పును కొన్నేళ్ళపాటు ఊళ్ళకు పంపించాను. దాన్ని దిద్దుకోవడానికి మిగిలిన సర్వీసంతా పట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నువ్వు చేసిన మంచి పనేమిటని ఎవరైనా అడిగితే, ఆ దిద్దుబాటేనని గర్వంగా చెబుతాను.

మేము అప్పట్లో ఎలా ఉండేవాళ్ళం

మా నాయన చిత్తూరు జిల్లా పల్లె నుంచి కోలారు బంగారు గనులకు, అంటే కేజీఎఫ్‌కు, వచ్చి చాంపియన్ రీఫ్స్ గనిలో సొరంగం పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేశాడు. నేను బెంగళూరులో జువాలజీ ఎమ్మెస్సీ చదివి, కొన్నేళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పి, గనులు మూసేసిన మరుసటేడు రాబర్ట్‌సన్‌పేటలోని ఒక బీఎడ్ కాలేజీలో చేరాను.

గని పోయాక మా ఊళ్ళో చదువుకున్న పిల్లలకు మిగిలిన దారులు రెండు. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోవడం ఒకటి, టీచరు కావడం మరొకటి. అందుకని మా కాలేజీకి మంచి పిల్లలే వచ్చేవారు. కేజీఎఫ్‌లో గని కార్మికుల లైను ఇళ్ళ నుంచి కొందరు, ముళబాగిలు తాలూకా పల్లెల నుంచి కొందరు. పాఠం కన్నడంలో సాగేది. సందేహాలు తెలుగులో, తమిళంలో వచ్చేవి. అందరూ బీయెస్సీ పాసైనవాళ్ళే. కణ విభజన బొమ్మ వేయమంటే ఎంత చక్కగా వేసేవారో!

నేను కఠినమైన మేడమ్‌నని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టంగా కూడా ఉండేది. తరగతిలో గొడవ ఉండకూడదు, ప్రశ్న అడిగితే జవాబు టక్కున రావాలి. మంచి టీచరంటే ఇంతేనని అనుకునేదాన్ని. ఎంత పొరపాటో అప్పటికి తెలియదు.

తొమ్మిది మార్కులు

నేను చేరిన కొన్నేళ్ళకు ఒక బ్యాచిలో మునిరాజు అనే ట్రైనీ ఉండేవాడు. అతనిది బైరకూరు. రైతు కొడుకు. గట్టి గొంతు, మంచి చేతిరాత. ప్రాక్టీస్ టీచింగ్‌లో భాగంగా అతను ఒక రోజు ఒక హైస్కూల్లో పదో తరగతికి పాఠం చెప్పాడు. బిడ్డ ఆడో మగో ఎలా నిర్ణయమవుతుందన్నది పాఠం. వెనక బెంచీలో నేను పరిశీలన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. నా పక్కన తోటి ట్రైనీ శారద కూర్చుంది. ఒకరి పాఠాన్ని ఇంకొకరు చూసి నేర్చుకోవాలన్నది మా కాలేజీ పద్ధతి.

మునిరాజు చార్టు వేలాడదీసి బాగానే చెప్పుకుపోయాడు. అప్పుడొక అమ్మాయి లేచింది.

"సార్, మా అంగళ్ళ వీధికి దీవించను వస్తారే, చీర కట్టుకొని. వాళ్ళకు ఏం క్రోమోజోములు ఉంటాయి సార్?"

తరగతంతా గొల్లున నవ్వింది. మునిరాజు చేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

"ఎక్స్ ఎక్స్ ఉంటే ఆడ. ఎక్స్ వై ఉంటే మగ. ఇంగ మూడోది లేదు. మిగతాదంతా రోగం, లేకుంటే వేషం. కూర్చో."

ఆ అమ్మాయి కూర్చుంది, నవ్వులు ఆగిపోయాయి. నేను పుస్తకంలో ఇలా రాశాను: "తరగతి మీద మంచి పట్టు ఉంది. సందేహాలకు స్పష్టమైన జవాబు." పదికి తొమ్మిది మార్కులు వేశాను. పక్కన కూర్చున్న శారద అది చూసింది.

ఆ తరువాత మూడు రోజులు శారద కాలేజీకి రాలేదు. ఆ బ్యాచిలో అందరికంటే బాగా చదివే పిల్ల. వాళ్ళ నాయన గనిలో మనుషుల్ని కిందికి దించి పైకి తెచ్చే ఇంజిను నడిపినవాడు. గని మూసేశాక మాలూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. ఇంట్లో ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుందనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక స్టాఫ్ రూము తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, ఒక డౌటు."

"రామ్మా, కూర్చో. ఏ యూనిట్‌లో?"

"యూనిట్‌లో కాదు మేడమ్. నాకు ఉండేది ఎక్స్ వై."

నాకు అర్థం కాలేదు. ఆమె కూర్చోకుండానే చెప్పుకుపోయింది.

"పదిహేడేండ్లు వచ్చినా నేను పెద్దమనిషి కాలేదని మా అమ్మ, నాయన నన్ను బెంగళూరికి తీసుకపోయినారు. కడుపులో ఏందో గడ్డ ఉండాదని ఆపరేషన్ చేసినారు. డాక్టరు మా నాయన్ను ఒక్కన్నే లోపలికి పిలిచి మాట్లాడినాడు. నాకు ఎవురూ ఏమీ చెప్పలేదు. డిగ్రీలో ఉన్నప్పుడు బీరువాలో ఫైలు దొరికింది. నేనే చదువుకొన్నాను. క్రోమోజోము టెస్టులో ఎక్స్ వై అని ఉండాది."

కుర్చీ ఆమె వైపు జరిపాను. ఆమె ఆగలేదు.

"మునిరాజన్న చెప్పిన లెక్కన నేను మగోణ్ణి అయినా కావాల, రోగమన్నా కావాల, వేషమన్నా కావాల. మూడిట్లో ఏది మేడమ్? మీరు ఆ పాఠానికి తొమ్మిది మార్కులు వేసినారు. మీకు తెలిసే ఉంటాది గదా?"

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఏడుపూ లేదు. నిజంగా నాకు తెలుసనే నమ్మకంతో అడిగింది.

"నాకు తెలీదు శారదా," అన్నాను. "తెలియకనే మార్కులు వేసినాను. అది నా తప్పు. నాకు ఒక వారం టైమియ్యి. తెలుసుకొని వచ్చి చెప్తాను."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. సోమవారం నుంచి మళ్ళీ కాలేజీకి వచ్చింది.

చేపల్లో చదివినాము, ఈగల్లో చదివినాము

మరునాడే రైలెక్కి బెంగళూరులో నిర్మల ఇంటికి పోయాను. నిర్మల నాతో పీయూసీ చదివి, డాక్టరై, ఆడవాళ్ళ జబ్బులు చూసే స్పెషలిస్టు అయింది. శారద పేరు చెప్పకుండా సంగతంతా చెప్పాను. ఆమె కాగితం తీసుకుని బొమ్మలు వేస్తూ వివరించింది.

గర్భంలో మొదటి కొన్ని వారాలు పిండాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఎటైనా పోగల మూలాలు అందరిలోనూ ఉంటాయి. సాధారణంగా వై క్రోమోజోము మీద ఉండే ఒక జన్యువు ఆ మూలాలను వృషణాలుగా మారుస్తుంది. అవి పురుష హార్మోను తయారుచేస్తాయి. కానీ హార్మోను తయారైతే చాలదు, దాని మాట శరీరంలోని కణాలు వినాలి. వినడానికి కణాల్లో ఒక గ్రాహకం ఉండాలి. కొందరిలో ఆ గ్రాహకం పనిచేయదు. అప్పుడు క్రోమోజోములు ఎక్స్ వై అయినా శరీరం బయటికి ఆడ శరీరంగానే పెరుగుతుంది. గర్భసంచి ఉండదు, నెలసరి రాదు. కడుపులోనే ఉండిపోయిన వృషణాలను ఆ డాక్టరు గడ్డ అని చెప్పి తీసేశాడు.

ఇదొక్కటే కాదని కూడా చెప్పింది. ఒక్క ఎక్స్‌తోనే పుట్టే ఆడపిల్లలున్నారు, రెండు ఎక్స్‌లూ ఒక వై ఉండే మగవాళ్ళున్నారు. వై మీద ఉండాల్సిన జన్యువు ఎక్స్ మీదికి చేరడంతో ఎక్స్ ఎక్స్‌తోనే మగవాళ్ళైనవాళ్ళూ ఉన్నారు.

"ఇదంతా నీకు తెలిసిందే గదా పద్మా," అంది నిర్మల. "ఆడది మగదయ్యే చేపల గురించి చదివినావు. ఈగల్లో చదివినావు. పరీక్షల్లో పేజీలు పేజీలు రాసినావు. మనుషుల్లో కూడా ఉంటాదని ఒక్కసారి కూడా తోచలేదా నీకు?"

తోచలేదు. అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

"ఇంగొకటి," అంది నిర్మల, నన్ను రైలు దగ్గర దింపుతూ. "ఆ గ్రంథులు తీసేసినాక హార్మోను మాత్రలు వాడాల. లేకుంటే చిన్న వయసులోనే ఎముకలు గుల్లవుతాయి. ఆ పిల్లకు ఎవురన్నా చెప్పినారో లేదో అడుగు."

ఎవరూ చెప్పలేదు. రహస్యం కాపాడాలని ఆ పిల్లకు తన మందు సంగతి కూడా చెప్పలేదు.

సోమవారం కాలేజీ వరండాలో శారదను కూర్చోబెట్టి, నిర్మల వేసిన బొమ్మలన్నీ ముందు పెట్టి మొత్తం చెప్పాను. చివర్న అడిగాను, "నువ్వు ఆడపిల్లవని నీకు ఎప్పుట్నుంచి తెలుసు?"

"అదేం ప్రశ్న మేడమ్? పుట్టినప్పట్నుంచి."

"అయితే అదే జవాబు. ఎక్స్ వై ఉండే ఆడవాళ్ళు ఉండారు. నువ్వు ఒక్కదానివే కాదు."

అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తరువాత ముఖం కడుక్కొని వచ్చి, ఆ గ్రాహకం ఎందుకు పనిచేయదో ఇంకోసారి చెప్పమంది.

వాళ్ళ అమ్మకు తానే అంతా చెప్పి, ఆమెతో కలిసి నిర్మల దగ్గరికి పోయి మాత్రలు మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు వాళ్ళ నాయన డ్యూటీ లేని రోజు చూసుకుని కాలేజీకి వచ్చాడు. గనిలో వేలమందిని క్షేమంగా పైకి తెచ్చిన మనిషి, నా ముందు తలెత్తలేకపోయాడు.

"డాక్టరు చెప్పొద్దన్నాడమ్మా. చెప్తే బిడ్డ బతకదన్నాడు. అందుకని నా పెండ్లానికి కూడా చెప్పలేదు. ఇన్నేండ్లూ నేనొక్కన్నే మోసినాను."

"ఇంగ మీరు మోసే పనిలేదప్పా," అన్నాను. "మీ బిడ్డ మీకన్నా గట్టిది."

తెల్ల కాగితాలు

ట్రైనీలకు ఈ పాఠం మళ్ళీ చెప్పాలనుకున్నాను. చెప్పేముందు వాళ్ళకు ఏం తెలుసో నాకు తెలియాలి. అందరికీ తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, పేరు రాయొద్దన్నాను. ఆడ, మగ అన్న రెండింటిలో ఇమడని మనుషుల గురించి, తమలాంటివాళ్ళనే ఇష్టపడే మనుషుల గురించి, మీకు తెలిసింది రాయండి, తప్పైనా ఫరవాలేదన్నాను.

ఆ కాగితాలు చదివిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూస్తే అలా పుడతారని ఒకరు రాశారు. తండ్రి కణం బలహీనమైతే అని ఇంకొకరు. హార్మోను సూది వేస్తే అలాంటివాడు మామూలు మగవాడవుతాడని, పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని, సినిమాలు చూసి చెడిపోతారని, ఇవన్నీ బెంగళూరులో ఉంటాయి గాని మన కోలారు జిల్లాలో లేవని. చాలామంది రాసిన మాట ఒక్కటే: జబ్బు.

ఒక కాగితం మీద రెండే వాక్యాలున్నాయి. "మా అన్న అట్లనే. ఇల్లు వదిలి పోయినాడు, యాడ ఉన్నాడో తెలీదు."

కొత్తగా చేరే మీకు ఇది గట్టిగా చెబుతున్నాను. మన ట్రైనీలకు జీవశాస్త్రం రాదని అనుకోకండి. బాగానే వచ్చు. పుస్తకంలో ఉండే జీవశాస్త్రం వేరు, వీధిలో కనబడే మనిషి వేరు అనుకుంటారు, అంతే. వీధిలో మనిషి గురించి అడిగితే వాళ్ళ నోట్లోంచి బీయెస్సీ మాట రాదు, అవ్వలు చెప్పిన మాట వస్తుంది. నాకూ అదే అయింది కదా.

మరునాడు తరగతిలో మొట్టమొదట నా తప్పు చెప్పాను. ఫలానా పాఠంలో వచ్చిన జవాబు తప్పు, దానికి నేను తొమ్మిది మార్కులు వేయడం అంతకంటే పెద్ద తప్పు అన్నాను. శారద ప్రస్తావన రానివ్వలేదు. నిర్మల చెప్పినదంతా చెప్పాను. మునిరాజు ముఖం మాడ్చుకుని విన్నాడు. ఆఖర్న లేచాడు.

"అంతా సరే మేడమ్. పరీక్షలో ఏం రాయమని చెప్పాల పిల్లకాయలకు?"

న్యాయమైన ప్రశ్న. టీచరు అడగాల్సిన ప్రశ్న.

"పుస్తకంలో ఉండేదే రాయమను. ముందర 'సాధారణంగా' అని ఒక్క మాట చేర్చమను. ఆ ఒక్క మాట ఎందుకు చేర్చినామో నువ్వు వివరించు."

రెండు రోజులకు మునిరాజే వచ్చి, ఆ హైస్కూల్లో ఆ పాఠం మళ్ళీ చెప్పడానికి అనుమతి అడిగానని, వాళ్ళు సరేనన్నారని చెప్పాడు. నేనూ పోయాను. "పోయినసారి నేను చెప్పింది సగమే. తెలియని సగాన్ని బల్ల మీద కొట్టి చెప్పినాను. ఈ పొద్దు మిగతాది చెప్తాను," అని మొదలుపెట్టాడు. ఆ రోజు నాకు కలిగిన గర్వం నాకు ఎమ్మెస్సీ పట్టా వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఎర్ర సిరా

మా ప్రిన్సిపాల్ రామచంద్రయ్య గారికి ఈ సంగతి రెండో వారంలో తెలిసింది. కాలేజీ కమిటీ సభ్యుడొకాయన ఫోను చేసి, మీ కాలేజీలో ఆడపిల్లలకు ఏవేవో నేర్పుతున్నారట అని నిలదీశాడు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచాడు.

"పద్మావతమ్మా, ఇది కాలేజీనా, ఆసుపత్రా?"

"కాలేజీనే సార్. అందుకే చెప్తా ఉండాను."

"అయితే నువ్వు చెప్పేదంతా కాగితం మీద రాసి ఇయ్యి. అక్షరం విడవకుండా."

పాఠం ఆపించడానికే అడుగుతున్నాడనుకున్నాను. పంతం పట్టి పద్దెనిమిది పేజీలు రాసిచ్చాను. మూడు రోజులు తన దగ్గర ఉంచుకుని తిరిగిచ్చాడు. ప్రతి పేజీలోనూ ఎర్ర సిరా గుర్తులు. చూస్తే అన్నిచోట్లా ఒకే మాట చుట్టూ సున్నా చుట్టాడు. నేను రాసిన 'లోపం' అన్న మాట.

"అది రోగం కాదని తరగతిలో చెప్తావు. లోపం లోపం అని నువ్వే రాస్తావు. పిల్లకాయలు నీ మాట నేర్చుకొంటారా, నీ రాత నేర్చుకొంటారా?"

ఆ మాట తీసేసి, ఆ చోట్లలో 'తేడా' అని రాసుకున్నాను.

ఆయన నాకు టైంటేబుల్లో పీరియడ్ ఇవ్వలేదు. శనివారం క్లాసులయ్యాక, ఇష్టమున్నవాళ్ళకు మాత్రం చెప్పుకో అన్నాడు. బాగుందని ఒక్కనాడూ అనలేదు. కానీ కమిటీ సభ్యుడు స్వయంగా కాలేజీకి వచ్చిన రోజు నా పద్దెనిమిది పేజీలూ ఆయన చేతిలో పెట్టి, "ఆయమ్మ చెప్పేది జీవశాస్త్రం. తప్పు యాడుందో చూపించండి, నేనే ఆపిస్తాను," అన్నాడు. ఆ సభ్యుడు పేజీలు తిరగేసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మంచి అధికారి అంటే మనల్ని మెచ్చుకునేవాడని మీరు అనుకుంటూ ఉంటే, ఆ ఆలోచన మార్చుకోండి. మన రాతలో తప్పు పట్టి, బయటివాళ్ళ ముందు మన పక్కన నిలబడితే చాలు.

ఆ శనివారం పాఠం నేను రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచికీ నడిచింది. మొదట్లో ఏడెనిమిది మంది కూర్చునేవారు. తరువాత తరువాత గది చాలేది కాదు.

మునిరాజు నాకు నేర్పింది

అన్నీ నేర్చేసుకున్నానని నేను అనుకుంటున్న రోజుల్లో మునిరాజు ఫోను చేశాడు. అప్పటికి అతను నంగలి వైపు ఒక హైస్కూల్లో సైన్సు టీచరు. తొమ్మిదో తరగతిలో ఒక బిడ్డ. రిజిస్టరులో మగపిల్లవాడు. తాను ఆడపిల్లనని, తన పేరు చందన అని తల్లికి చెప్పింది, తోటివాళ్ళకు చెప్పింది. మగపిల్లల మరుగుదొడ్డిలో జరిగిన ఆగడాలకు భయపడి బడి మానేసింది.

"హెడ్‌మాస్టరు డాక్టరు రిపోర్టు తెమ్మంటున్నాడు మేడమ్. ఏం చేద్దాం?"

నేను ఉత్సాహంగా, "మంచిదే గదా. నిర్మలతో మాట్లాడతాను. క్రోమోజోము టెస్టు, హార్మోను టెస్టు చేయిద్దాం. సైన్సు చేత్తో పట్టుకొని పోయి చూపిద్దాం," అన్నాను.

మునిరాజు ఒప్పుకోలేదు.

"మేడమ్, టెస్టులో అన్నీ మామూలు మగపిల్లోనికి ఉన్నట్లే ఉండాయని వచ్చిందనుకోండి. అప్పుడు ఆ బిడ్డ చెప్పేది అబద్ధమైపోతాదా? బడికి రావద్దని చెప్దామా? రిపోర్టు ఏం వచ్చినా ఆ బిడ్డ బడికి రావాల్సిందే గదా. అట్లాంటప్పుడు రిపోర్టు ఎందుకు మేడమ్?"

శారద విషయంలో ఒక పరీక్ష కాగితం మనిషి ఎవరో చెప్పలేకపోయింది. అది కళ్ళారా చూసిన నేనే ఇంకో బిడ్డకు పరీక్ష కాగితం తెమ్మన్నాను. క్రోమోజోములు, హార్మోన్లు, శరీరం, ఇవి ఒక సంగతి. తానెవరో మనిషికి లోపల తెలియడం ఇంకో సంగతి. ఎవరి మీద మనసు పోతుందన్నది మరో సంగతి. వీటి వెనక జీవశాస్త్రం ఎంత ఉందో కొంత తెలుసు, చాలా తెలియదు. తెలియనిచోట తెలియదని చెప్పడం మన వృత్తికి చిన్నతనం కాదు. ఆ తరువాత నా శనివారం పాఠం చివర్న ఈ మాట కూడా చేర్చాను. అది మునిరాజు నేర్పిందని ప్రతి బ్యాచికీ చెప్పాను.

మునిరాజు రిపోర్టు లేకుండానే హెడ్‌మాస్టరును ఒప్పించాడు. వారం రోజులు రోజూ ఆయన గదిలో కూర్చుని ఒప్పించాడు. టీచర్ల మరుగుదొడ్డి తాళంచెవి చందనకు ఇప్పించాడు. ఆగడం చేసిన పిల్లల ఇళ్ళకు తానే పోయి, పెద్దవాళ్ళతో మాట్లాడాడు. ఒకాయన, "నీ కొడుకైతే ఇట్లానే చేస్తావా?" అని అరిచాడట. "నా కొడుకైనా, కూతురైనా బడి మాన్పించను," అన్నాడట మునిరాజు. చందన తిరిగి వచ్చింది. పదో తరగతి ఎస్సెస్సెల్సీ పరీక్ష ఫస్టు క్లాసులో పాసై, కోలారులో కాలేజీలో చేరింది.

నా ఆఖరి బ్యాచి

శారద కోలారు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో టీచరైంది. తొందరగానే మంచి పేరు తెచ్చుకుంది. నేను రిటైరయ్యే ఏడు, శనివారం పాఠం ఒక్కసారి నువ్వు వచ్చి చెప్పమ్మా అని అడిగాను. నీ సంగతి చెప్పాల్సిన అవసరం ఏమాత్రం లేదు, పాఠం చెప్పు చాలు అన్నాను. "పాఠమే చెప్తాను మేడమ్," అంది.

వచ్చింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. పిండం దగ్గర మొదలుపెట్టి, జన్యువు, హార్మోను, గ్రాహకం, ఒక్కొక్కటీ బోర్డు మీద కడుతూ పోయింది. నాకంటే బాగా చెప్పింది. నేను పది వాక్యాల్లో చెప్పేదాన్ని ఆమె నాలుగింట్లో చెప్పింది. అప్పుడొక అబ్బాయి చెయ్యెత్తాడు.

"మేడమ్, ఇట్లాంటోళ్ళు నిజంగా ఉంటారా, పుస్తకాల్లోనేనా? మేమైతే యాడా చూళ్ళేదు."

శారద సుద్దముక్క బల్ల మీద పెట్టింది. నా వైపు చూడలేదు.

"చూస్తా ఉండావు గదప్పా," అంది. "నాకు ఉండేది ఎక్స్ వై. మా అమ్మకు తెలుసు, నాయనకు తెలుసు, మా ఆయనకు తెలుసు. ఈ పొద్దు మీకు తెలిసింది."

నేను లేచి ఏదో ఒకటి మాట్లాడి ఆమెను కాచుకోవాలనుకున్నాను గాని లేవలేదు. ప్రశ్న అడిగిన అబ్బాయి తల దించుకున్నాడు. ముందు వరసలో ఒక అమ్మాయి మెల్లగా లేచింది.

"మేడమ్, నాకు ప్రాక్టీస్ టీచింగ్‌కి ఎనిమిదో తరగతి ఇచ్చినారు. అంత చిన్నపిల్లకాయలకు దీన్ని ఎట్లా మొదలుపెట్టాల? గ్రాహకం అంటే వాళ్ళకు అర్థం కాదు గదా?"

శారద ముఖంలోకి నవ్వొచ్చింది.

"మంచి ప్రశ్న. తాళం, తాళంచెవి అని మొదలుపెట్టు. రా, నువ్వే వచ్చి చెప్పి చూపించు."

ఆ అమ్మాయి బోర్డు దగ్గరికి పోయింది. తల దించుకున్న అబ్బాయి కాసేపటికి, తాళం బొమ్మ తాను వేస్తానని లేచాడు. ఇంకొకరు కన్నడంలో ఏ మాట వాడితే బాగుంటుందో చెప్పారు. ఆ తరువాత గంటసేపు ఆ గదిలో శారద గురించి ఎవరూ మాట్లాడలేదు. పాఠం గురించే మాట్లాడుకున్నారు.